మాక్‌డ్రిల్ చేస్తే మళ్లీ కరోనా వస్తున్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి నర్సు. వాళ్ల ఆసుపత్రిలో మాక్‌డ్రిల్ పెట్టి ఆక్సిజన్ పడకలన్నీ సరిచూశారట. 2021లో మా వారిని పోగొట్టుకున్నాను. ఈ మాట విన్నప్పటి నుంచి నిద్ర లేదు. ప్రభుత్వానికి ముందే ఏదో తెలిసిందా?
– ఒక సోదరి, ఉయ్యూరు

జవాబు: అమ్మా, అంత కష్టం చూసినవారికి ఆక్సిజన్ మాట వింటేనే గుండె దడదడలాడటం సహజం. జబ్బు వస్తోందని కాదు, వస్తే తడుముకోకూడదని చేసేదే మాక్‌డ్రిల్. 2021 నాటి కొరత చూశాక, 2022 జనవరిలో మన రాష్ట్రంలో ఒకేరోజు 144 ఆక్సిజన్ ప్లాంట్లు ప్రారంభించారు. గాలిలోని నైట్రోజన్‌ను పట్టేసి ఆక్సిజన్‌ను వదిలే యంత్రాలివి, నెలల తరబడి ఆపేస్తే మొరాయిస్తాయి. చిట్టచివరి మంచం దగ్గర వాల్వు తిప్పితే మీటరులో గుండు పైకి లేస్తోందా, కరెంటు పోతే జనరేటర్ అందుకుంటోందా అని నడిపి చూసుకోవాల్సిందే. నన్నడిగితే, మాక్‌డ్రిల్ జరగని ఆసుపత్రి గురించే కంగారు పడాలి. నిద్రలేమి రెండు వారాలు దాటితే మాత్రం డాక్టరుకు చెప్పండి, లేదా టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.

ప్రశ్న: బాబుకు నిన్నటి నుంచి జ్వరం. ఏఎన్ఎం వచ్చి వివరాలన్నీ ఫోనులో ఎక్కించుకుంది. 2020లోలా వీధికి కర్రలు కట్టి మమ్మల్ని తీసుకుపోతారా?
– ఒక తండ్రి, గుడివాడ

జవాబు: ఆ కర్రల రోజులు ఎవరూ మర్చిపోలేదు, మీ భయంలో తప్పులేదు. ఆవిడ రాసుకున్నది మీ బాబును తీసుకెళ్లడానికి కాదండీ, ఒకే వీధిలో జ్వరాలు పెరుగుతున్నాయేమో కనిపెట్టడానికి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోతే, కరోనా పరీక్షలు నెగెటివ్ వచ్చాయి, రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. లెక్క రాసేవాళ్లు లేకపోతే అలాంటివి చాలా ఆలస్యంగా తెలుస్తాయి. పిల్లలకు రెండు మూడు రోజుల జ్వరం మామూలే. అంతకు మించినా, మూత్రం తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తుగా పడుకున్నా, ఎగశ్వాస వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: తుపాను షెల్టర్లో వందలమంది ఒకేచోట ఉంటాం. అప్పుడే అంటురోగం వస్తే? మా కోడలికి తొమ్మిదో నెల.
– ఒక అత్తగారు, నాగాయలంక

జవాబు: 1977 నవంబరు ఉప్పెన చూసిన దివిసీమలో ఈ దిగులు లేని ఇల్లుండదు. తుపాను హెచ్చరిక రాగానే నెలలు నిండినవారిని ముందుగానే ఆసుపత్రికి చేరుస్తున్నారు. ఆశా కార్యకర్త దగ్గర మీ కోడలి పేరు, కాన్పు తేదీ ఉన్నాయో లేదో ఇవాళే అడగండి. షెల్టర్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేది తాగే నీరు. ఆశా ఇచ్చే క్లోరిన్ బిళ్ల ఎన్ని లీటర్లకో అడిగి, కలిపాక అరగంట ఆగి తాగండి. ఒకటి రెండు విరేచనాలకు ఓఆర్ఎస్ చాలు. బియ్యం కడిగిన నీళ్లలా ఆగకుండా అవుతుంటే ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: కొత్త వైరస్ అంటూ వాట్సాప్‌లో ఏదో తిరుగుతోంది. ఆస్తమా ఉన్న అమ్మను వీరమ్మతల్లి తిరునాళ్లకు తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఉయ్యూరు

జవాబు: నిక్షేపంగా తీసుకెళ్లండి. 2025 జనవరిలో హెచ్ఎంపీవీ అని ఇలాగే హడలగొట్టారు, అది 2001లోనే గుర్తించిన పాత వైరస్. రద్దీ తక్కువుండే వేళ చూసుకుని, మాస్కు పెట్టించి, ఇన్‌హేలర్ మీ జేబులో ఉంచుకోండి. అది పీల్చినా ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆ పూట దగ్గు, జ్వరం ఉంటే ఆగండి, తిరునాళ్ల ఒక్కరోజుతో అయిపోయేది కాదు కదా.