ప్రపంచ వార్తలు, మానవ హక్కులు: ఇంట్లో చర్చ మొదలుపెడదామా?



యుద్ధాల వార్తలు ఇప్పుడు రాత్రి తొమ్మిది గంటల బులెటిన్ కోసం ఆగడం లేదు. క్రికెట్ వీడియోకూ వంటల వీడియోకూ మధ్యలో అవే మన పిల్లల కంటపడుతున్నాయి. కూలిన ఇళ్లు, ఏడుస్తున్న తల్లులు, గుంపులుగా వలసపోతున్న జనం... అర నిమిషం చూసి పైకి జరిపేస్తున్నారు. అది ఏ దేశం, ఎందుకు జరిగింది, అసలు ఆ వీడియో ఇప్పటిదేనా అని అడిగేవారు పక్కన ఉండరు. అందుకే ఏడు నుంచి పదో తరగతి వరకు చదివే ఐదారుగురు పిల్లలు, ఒకరిద్దరు పెద్దలు కలిసి వారానికి అరగంట వార్తల చర్చ పెట్టుకోవాలని ఈ నెల మా సూచన. దాన్ని ఎలా మొదలుపెట్టాలో చూద్దాం.

మొదటి పాఠం మన దగ్గరే ఉంది

మానవ హక్కులు అనగానే పిల్లలు అదేదో దూరదేశాల సంగతి అనుకుంటారు. కాబట్టి మొదటి వారం జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలోని కడవెండి గురించి మాట్లాడండి.

నిజాం పాలనలో ఈ ప్రాంతపు ఊళ్లలో వెట్టి ఉండేది. కుమ్మరి కుండలను, చెప్పులు కుట్టేవారు చెప్పులను, గొర్ల కాపరి గొర్రెను దొర గడికి ఊరికే ఇవ్వాలి. పిలిస్తే పొలం పని వదిలి వెళ్లాలి. కూలి అడగడానికి లేదు. 'బాంచన్ దొరా' అనడమే అలవాటుగా మారిన రోజులవి. కడవెండి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అధికారం కింద ఉండేది. 1946 జూలై 4న అక్కడ ఊరేగింపుగా వెళ్తున్న సంఘం కార్యకర్తల మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. గొర్ల కాపరుల కుటుంబంలో పుట్టిన దొడ్డి కొమరయ్య అక్కడే ప్రాణాలు విడిచారు. తెలంగాణ రైతాంగ పోరాటంలో తొలి అమరుడిగా ఆయన్ని గుర్తుచేసుకుంటాం.

ఆ 'సంఘం' ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. ఆంధ్ర మహాసభను ఊళ్లలో జనం పిలుచుకున్న పేరు అది. దాని మొదటి మహాసభ 1930లో జోగిపేటలో జరిగింది. తొలినాళ్లలో వారు అడిగినవి గ్రంథాలయాలు, తెలుగు చదువులు, సభలు పెట్టుకునే స్వేచ్ఛ. అప్పట్లో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక వంటివి వార్తలను, కొత్త ఆలోచనలను ఊళ్లకు చేర్చాయి. అంటే నలుగురు కూర్చుని వార్తలు మాట్లాడుకోవడం కూడా ఒకప్పుడు ఇక్కడ కష్టపడి సాధించుకోవలసిన హక్కే.

కడవెండి నుంచి పారిస్ దాకా

రెండో వారం ప్రపంచ పటం పరచండి. 1948 సెప్టెంబరు 16న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి పారిస్‌లో సమావేశమై హైదరాబాద్ విషయం చర్చించింది. ఆ మరుసటి రోజే నిజాం సైన్యం లొంగిపోయింది. మన ఊళ్ల సంగతి ఆనాడు అంతర్జాతీయ వార్త అయింది. అదే ఏడాది డిసెంబరు 10న, అదే పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందింది. 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, ఒక్క దేశమూ వ్యతిరేకించలేదు, 8 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అనే అర్థం వచ్చే మాట బదులు 'మనుషులందరూ' అని ఉండాలని పట్టుబట్టినది మన దేశ ప్రతినిధి హంసా మెహతా.

మొత్తం 30 అధికరణాలు. తెలుగు అనువాదం కూడా దొరుకుతుంది. నాలుగోది బానిసత్వాన్ని నిషేధిస్తుంది. పంతొమ్మిదోది భావప్రకటన స్వేచ్ఛను, ఇరవయ్యోది శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును చెబుతాయి. మన రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. కడవెండి కథ విన్న పిల్లలకు ఈ వాక్యాలు వట్టి కంఠపాఠంగా అనిపించవు.

ప్రతి వార్తకూ మూడు ప్రశ్నలు

1. ఇక్కడ ఎవరి హక్కు పోయింది? ఏ హక్కు?
2. ఎవరు, ఏ కారణం చెప్పి తీసేశారు?
3. ఈ సంగతి మనకు చెబుతున్నది ఎవరు? బాధితుల మాట వినిపించిందా?

ఉదాహరణకు అఫ్ఘానిస్తాన్ తీసుకోండి. 2021 ఆగస్టులో తాలిబాన్ అధికారంలోకి వచ్చాక ఆడపిల్లల చదువును ఆరో తరగతితో ఆపేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల తలుపులూ మూసేశారు. మీ అమ్మాయి ఏడో తరగతిలో ఉంటే, ఆ దేశంలో ఆమెకు ఇప్పుడు బడి లేనట్టే. ఈ ఒక్క మాట చెప్పి, తర్వాత ఆమెనే మాట్లాడనివ్వండి.

చర్చ ఎలా నడపాలి?

• రోజు, సమయం ముందే ఖాయం చేసుకోండి. ఆదివారం సాయంత్రం అరగంట చాలు.
• వారానికి ఒకే వార్త. ఎంపిక పిల్లలది, పరిశీలన పెద్దలది.
• ఆ వార్త కనీసం రెండు పత్రికల్లో ఎలా వచ్చిందో చూడండి. తేదీ, ఊరు, చెప్పినవారి పేరు వెతికించండి.
• వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో వచ్చిన సందేశం చాలా చేతులు మారి వచ్చినదని అర్థం. అలాంటిది సరిచూడకుండా చర్చకు తేవద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులతో మన దేశంలో అమాయకులు ప్రాణాలు కోల్పోయారు.
• శవాలు, హింస ఉన్న దృశ్యాలు వద్దు. పటం, మాట చాలు.
• ఒక దేశాన్నో మతాన్నో మొత్తంగా తిట్టే మాట వస్తే ఆపి, "చేసింది ఎవరు?" అని అడగండి. ఆ బృందంలో ఏ పిల్లవాడూ తలదించుకుని ఇంటికి వెళ్లకూడదు.
• చివరి ఐదు నిమిషాల్లో ఒక్కొక్కరూ నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాయాలి: నేను తెలుసుకున్నది, నాకింకా అర్థం కానిది.

"చదువుకునే పిల్లలకు ఇవన్నీ ఎందుకు?"

చాలామంది తల్లిదండ్రులు ఈ మాట అడుగుతారు. మార్కులు తగ్గుతాయనీ, పిల్లలు రాజకీయాల్లో పడతారనీ భయం. ఆ భయం సహజమే. కానీ మనం మాట్లాడకపోయినా వార్తలు వాళ్లను చేరుతూనే ఉన్నాయి. విశ్వ మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణం పిల్లలకు ఎలాంటి చదువు కావాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదే అంటుంది. దేశాల మధ్య, మతాల మధ్య స్నేహాన్ని పెంచేలా చదువు ఉండాలని అదే అధికరణం చెబుతుంది. మీరు ఏ పార్టీ వారైనా, ఈ అరగంటలో మీ అభిప్రాయం చివర చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే "కలిసి వెతుకుదాం" అనండి. పిల్లల దృష్టిలో మీ గౌరవం తగ్గదు.

ఈ నెల పని: వీలైతే పిల్లలను కడవెండికి తీసుకెళ్లి దొడ్డి కొమరయ్య స్తూపం చూపించండి. దూరంగా ఉన్నవారు ఇంట్లోని తాతమ్మనో, అమ్మమ్మనో, పక్కింటి పెద్దాయననో "వెట్టి అంటే ఏమిటి? మీ ఇంట్లో ఎవరైనా చేశారా?" అని పిల్లలచేత అడిగించండి. విన్నది ఒక పేజీ రాయించి తరగతి ఉపాధ్యాయులకు పంపండి. అఫ్ఘానిస్తాన్ వార్త ఆ తర్వాతి వారం చదవండి.