సామాన్యుల తెరచాప నావ

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి తార్నాక, మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదు చేరి, అచ్చటినుండి మరికొంత దూరము సాగినచో హుస్సేన్‌సాగరము కనబడును. 16వ శతాబ్దిలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనాకాలమున నిర్మింపబడిన ఈ తటాకము హైదరాబాదు, సికింద్రాబాదు నగరముల నడుమ నున్నది. సముద్రము ఇచ్చటికి 250 కిలోమీటర్లకు పైగా దూరము. అయినను వానకాలపు గాలులు వీచు దినములలో ఈ నీటిపై తెల్లని తెరచాపలు కొంగల బారువలె సాగుచుండును. వానిలో కొన్ని మిక్కిలి చిన్నవి. ముక్కు కోసిన పెట్టెలవలె నుండును. ఒక్కొక్కదానియందు పట్టుమని పండ్రెండేండ్లు నిండని బాలుడో బాలికయో ఒంటరిగా కూర్చుండి చుక్కాని పట్టుచుందురు.

సముద్రపు జాడ లేని ఊరి పిల్లల చేతికి తెరచాప నావ ఎట్లు వచ్చినది? ఇందులకు సమాధానము రెండు చిన్న నావల చరిత్రలో నున్నది.

పూర్వము తెరచాప నావలు రెండు విధములుగా నుండెను. మొదటివి వర్తకులవి, జాలరులవి. అవి కూటికొరకు కడలిపై తిరుగునవి. రెండవవి విహారనావలు, అవి ధనికుల సొత్తు. విహారనావ వెల హెచ్చుగా నుండుటకు ముఖ్యకారణము దాని నిర్మాణ విధానమే. ముందుగా వెన్నెముకవంటి దూలమును నిలిపి, దానికి ప్రక్కటెముకలవలె వంపు కొయ్యలను బిగించి, వానిపై పలకలను వంచి, నీరు చొరకుండునట్లు ఒకదాని ప్రక్క నొకటి అమర్చవలసి యుండెను. ఇందులకు ఆరితేరిన వడ్రంగులును, చాలకాలమును కావలెను. కావున నావను చిన్నది చేసినంతమాత్రమున అది చౌక కాలేదు. దానిని చేయు పద్ధతియే మారవలసి యుండెను.

నీటికి ఊడని జిగురుతో అతికిన ప్లైవుడ్ పలకలు రెండవ ప్రపంచయుద్ధము తరువాత విరివిగా దొరకసాగెను. ఈ మార్పునకు అవియే మూలము.

1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున, క్లియర్‌వాటర్ అను పట్టణమునందు, ఆప్టిమిస్టు క్లబ్బు అను సేవాసంఘము పిల్లలకు చిన్న బండ్ల పందెములు నడుపుచుండెను.  కాని ఆ బండ్లు ఏడాదికి ఒక్కమారే ఉపయోగపడుచుండెను. అంతే ఖర్చుతో నావలు చేయించినచో పిల్లలు తరచుగా వానిని నడుపుకొందురని క్లిఫర్డ్ మెక్కే అను నాతడు సూచించెను. నావలు కట్టుటలో నేర్పరియైన క్లార్క్ మిల్స్ ఆ పనికి పూనుకొనెను.

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల రెండు ప్లైవుడ్ పలకలలో నావ ఇమిడిపోవలెను. కొనదేరిన ముక్కు కావలెనన్నచో ఆ పొడవు చాలదు. అందువలన మిల్స్ ముక్కును మానివేసి, ముందుభాగమును అడ్డపలకతో మూసెను. అది చూచుటకు స్నానపు తొట్టివలె నుండెను. కాని లోపల చోటు కలిసివచ్చెను, తయారీ సులభమాయెను. ఆ నమూనాను ఆయన సంఘమునకు దానముగా నిచ్చెను. 1954లో ఆక్సెల్ డామ్‌గార్డ్ అను డెన్మార్కు దేశీయుడు దానిని తన దేశమునకు కొనిపోగా, అచ్చటినుండి అది ఐరోపా యందు వ్యాపించెను. సుమారు 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువుగల ఈ ‘ఆప్టిమిస్టు’ నావ నేడు 100కు పైగా దేశములలో పిల్లల తొలి నావగా నున్నది.

తెరచాప నావ గాలి త్రోయు దిక్కునకే పోవునని పలువురు తలతురు. అది సరికాదు. ప్రక్కనుండి గాలి వచ్చునపుడు తెరచాప పక్షి రెక్కవలె వంపు తిరిగి గాలిని మళ్లించును. అందుచే నావను ప్రక్కకు నెట్టు బలము, ముందునకు లాగు బలము రెండును పుట్టును. నావ అడుగునుండి నీటిలోనికి నిలువుగా దింపిన పలక ఒకటి ప్రక్కకు జరుగుటను అడ్డగించును. అంతట నావ ముందునకు సాగును. గాలికి నేరుగా ఎదురు పోవుట ఏ తెరచాపకును సాధ్యము కాదు. కాని కొండదారి మలుపులు తిరుగుచు శిఖరము చేరినట్లు, ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు వాలుగా నడచుచు, గాలి వచ్చు దిక్కునకే నావ చేరగలదు. ఎదురుగాలిని తిట్టుటకంటె దానిని వాడుకొనుట మేలని బాలనావికుడు తొలి పాఠముననే గ్రహించును.

ఆప్టిమిస్టు ఒక్కరి నావ. తల్లిదండ్రులు, బిడ్డలు కలిసి పోదగిన నావ 1962లో ఇంగ్లండున రూపొందెను. ‘డెయిలీ మిర్రర్’ అను దినపత్రిక తన సామాన్య పాఠకులకు అందుబాటులో నుండు నావను చేయింప దలచెను. నావల రూపకల్పనలో పేరుగన్న జాక్ హోల్ట్, ఇంటి మరమ్మతులను ఎవరికి వారే చేసికొను విధము టెలివిజన్‌లో చూపి ప్రసిద్ధుడైన బారీ బక్‌నెల్, వీరిరువురును కలిసి ‘మిర్రర్’ నావను సృష్టించిరి.

ఈ నావను కట్టి అమ్మలేదు. కోసి సిద్ధపరచిన పలకల కట్టగా అమ్మిరి. వెల 63 పౌనులు చిల్లర. అది ఆనాటి ఆంగ్ల కార్మికుని నెల సంపాదనకు ఇంచుమించు సమానము. కొన్న కుటుంబము తమ ఇంటియందే దానిని కట్టుకొనవలెను. పలకల అంచులలో చిన్న రంధ్రములు చేసి, బట్ట కుట్టినట్లు వానిని రాగి తీగతో కుట్టుదురు. తీగను మెలిపెట్టి బిగించుకొలది చదును పలకలు వంగి నావ రూపమును దాల్చును. పిదప అతుకులపై గాజుపీచు పట్టీలు పరచి రెసిన్ పూయగా అది ఆరి గట్టిపడును. కెన్ లిటిల్‌డైక్ అను ఉపాధ్యాయుడు అంతకు ముందే చిన్న పడవలకు ఈ పద్ధతిని వాడియుండెను.

మిర్రర్ పొడవు సుమారు 3.3 మీటర్లు, బరువు 45 కిలోలు. దీనికిని మొండి ముక్కే. ఇద్దరు ఎత్తి కారు కప్పుపై పెట్టవచ్చును. తెరచాపను నిలుపు కొయ్యలన్నియు నావ పొడవును మించవు గనుక, విప్పి లోపలనే సర్దుకొనవచ్చును. గాలి నిండిన మూత అర లుండుటచే తలక్రిందైనను మునుగదు. గాలి లేనినాడు తెడ్లతో నడుపవచ్చును. ఎర్రని తెరచాపలు దీని గుర్తు. ఇట్టి నావలు 70,000 వరకు తయారైనవి. ఎ. జె. మెకిన్నన్ అను ఉపాధ్యాయుడు ఇట్టి నావలోనే ఇంగ్లండునుండి బయలుదేరి, రైన్, డాన్యూబ్ నదుల మీదుగా నల్లసముద్రము చేరెను.

నావను కుట్టుట వినుటకు వింతగా తోచవచ్చును. కాని కోరమండల్ తీరమునకు అది అనాదిగా తెలిసిన విద్య. ఈ తీరమున సముద్రపు కెరటములు ఉవ్వెత్తున లేచి ఒడ్డున విరుగును. పెద్ద ఓడలు దూరముననే లంగరు వేయగా, మనుష్యులను, సరకులను ఒడ్డునకు చేర్చునవి ‘మసూలా’ పడవలు. వాని పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టుచుండిరి. ఇనుప మేకులు లేవు, లోపల ప్రక్కటెముకలు లేవు. బిగువైన పడవ ఇసుకను తాకి పగులుచోట, ఈ కుట్టుపడవ కొంచెము వంగి ఆ దెబ్బను ఓర్చుకొనును. మసూలాలో కుట్టు కడవరకు నిలుచు బంధము. మిర్రరులో అది రెసిన్ ఆరువరకు పలకలను పట్టియుంచు సాయము. ప్రయోజనములు వేరైనను, బరువైన చట్రము లేకుండ పలకలనే కలిపి నావను చేయుటలో రెండును ఒక్కటే.

హైదరాబాదులో తెరచాప విద్యకు సైన్యము చేయూత నిచ్చినది. సికింద్రాబాదునందలి ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ హుస్సేన్‌సాగరమున జాతీయ స్థాయి పోటీలను నడిపినది. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన హైదరాబాదు యాట్ క్లబ్బు పేద కుటుంబముల పిల్లలకును ఈ విద్యను నేర్పసాగెను. ఈ క్లబ్బున శిక్షణ పొందిన ప్రీతి కొంగర 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 470 తరగతి నావపై భారతదేశము పక్షమున పాల్గొనెను.

నావ అందినను నీరు అందవలెను గదా! నగరపు మురుగు, కర్మాగారముల వ్యర్థములు దశాబ్దములపాటు చేరి హుస్సేన్‌సాగర జలమును చెరచినవి. రెండు పలకలతో నావను చేయు నేర్పు ఒక్కనికి చాలును. తటాకమును శుభ్రముగా నుంచు నేర్పు ఊరంతటికి కావలెను.

మిల్స్, హోల్ట్, బక్‌నెల్ గొప్ప ఓడలను కట్టి కీర్తి గడింపలేదు. తక్కువ పలక, తక్కువ ధనము, తక్కువ నేర్పు గలవారిని మనస్సున నుంచుకొని పని చేసిరి. పలక చాలనపుడు ముక్కును విడిచిరి గాని పిల్లలను విడువలేదు. లోటును అడ్డంకిగా గాక కొలతగా గైకొన్నవారి చేతిలో, ధనికుల వేడుక సామాన్యుల విద్యగా మారినది.