గుట్టవార మూడెకరాలు

నందికొట్కూరు,
ఉగాది వెళ్లిన వారం.

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన చేని పటం అందింది. పద్నాలుగెకరాలనూ రంగులేసి ఓపిగ్గా గీశావు. బోరు, పంట కుంట, చీనీ తోట, శెనక్కాయ చేను, వంక, వంక అవతల గుట్టవార మూడెకరాలు, ఏదీ వదల్లేదు. పిట్టలకూ జంతువులకూ మన చేనిలో చోటుండాలని పైన రాసుకున్నావు చూడు, అది చదివి సంతోషపడ్డాను. మీ నాయన మాత్రం ఫోన్ చేసి, "చదువుకున్న పిల్ల పంట మానేసి అడవి పెంచుతానంటోంది, నువ్వన్నా చెప్పు" అన్నాడు. కాబట్టి ఈ ఉత్తరం ఇద్దరూ చదవండి.

పటంలో నాకు మింగుడు పడనిది ఒక్కటే. గుట్టవార గరుసునేలను డోజరుతో చదును చేయించి, వెయ్యి మొక్కలు నాటించి, చుట్టూ కంచె కట్టిస్తానని రాశావు. ఆ పని పెట్టుకోవద్దు. మన సీమలో ఇలాంటి ఆలోచన చేసేవాళ్లు దేన్ని ముట్టకూడదో ముందు తేల్చుకోవాలి, ఏం నాటాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు. రేగు, బలుసు, కలివి, తంగేడు పొదలు, వాటి మధ్య బోసినేల, వానకు మొలిచి మాఘానికి ఎండిపోయే గడ్డి: రెవెన్యూ కాగితాల్లో దీన్ని బంజరని రాస్తారు. మన ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలకు లోకమంతా పేరు తెచ్చిన పిట్టలు రెండూ ఈ బంజర్లను నమ్ముకున్నవే.

కలివికోడి సంగతి నీకు తెలియంది కాదు, లంకమల మీ ఇంటి వెనకాలే ఉంది. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు ద్వారా 1848లో అది మొదట లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోయేసరికి ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్, మన ఊళ్ల పిట్టలవేటగాళ్ల సాయంతో, రెడ్డిపల్లి దగ్గర దాని ఉనికిని మళ్లీ లోకానికి చూపించాడు. దాని కోసమే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లించారు. అది రాత్రిపూట తిరిగే పిట్ట, పొదల మధ్య బోసినేల మీద పురుగులేరుకుంటుంది. తర్వాత అక్కడే పనిచేసిన పరిశోధకులు పొదలు లెక్కపెట్టి ఒక మాట తేల్చారు: ఆరడుగులు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోటే అది ఎక్కువగా ఉంటుంది. పొదలన్నీ కొట్టేస్తే పోతుంది, దట్టంగా కమ్ముకున్నా పోతుంది. నీ వెయ్యి మొక్కలు ఏపుగా పెరిగితే జరిగేది ఆ రెండోదే.

ఇక బట్టమేకపిట్ట. మాకు దగ్గర్లోని రోళ్లపాడులో దాని కోసం 1988లోనే 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. మగది పదిహేను కిలోల దాకా తూగే పిట్ట, ఆడది సాధారణంగా ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ వట్టి నేల మీద. ఒకప్పుడు ఇక్కడ పదుల సంఖ్యలో ఉండేవి. ఇప్పుడు కనిపించడం లేదు. దేశం మొత్తం మీదే నూటయాభైకి మించి లేవంటున్నారు, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్ ఎడారిలోనే. కంచె లోపల కాపలా ఉంది, మరి ఎందుకు పోయినట్టు? ఆ పిట్ట కంచె లోపలే బతకలేదు పాపా. మేతకు చుట్టుపక్కల రైతుల జొన్నచేలకు, శెనక్కాయ చేలకు, శనగచేలకు, బీళ్లకు వచ్చేది. చుట్టూ నీళ్లొచ్చి మెట్టపైర్లు తగ్గాయి, బీళ్లు సాగులోకి పోయాయి, కరెంటు తీగలు, కుక్కలు ఎక్కువయ్యాయి. మరోపక్క కాపలా వల్ల కృష్ణజింకలు వందల్లోకి పెరిగి చేల మీద పడ్డాయి. పైరు పోయిన రైతుకు జింక మీద కోపం, ఆ కోపం పిట్ట మీదికీ మళ్లింది. పిట్ట ఉంటే భూములు లాక్కుంటారనే భయం కూడా పట్టుకుంది.

రోళ్లపాడు నుంచి నేను నేర్చుకున్నది రెండు మాటలు. అభయారణ్యం ఎంత ఉన్నా చుట్టూ ఉన్న చేలు సహకరించకపోతే చాలదు. రైతుకు నష్టం తెచ్చే ఏర్పాటు ఏదైనా నాలుగేళ్లకు మించి నిలవదు. నీ ప్రణాళికలో ప్రతి పనినీ ఈ రెండింటి ముందు పెట్టి చూసుకో.

ముందు చేనిలో ఇప్పటికే ఎవరున్నారో తెలుసుకో. కలివికోడి కోసం లంకమలలో వాడిన ఉపాయమే నీకూ పనికొస్తుంది: గుట్టవార కాలిబాట మీద ఐదు మీటర్ల పొడవున సన్నమట్టి జల్లెడపట్టి పలచగా పరిచి, సాయంత్రం చదును చేసి రా. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వంగి చూస్తే రాత్రి ఎవరు నడిచారో కనిపిస్తుంది. చెవులపిల్లి వెనక కాళ్లు పొడుగ్గా పడతాయి, ఉడుము తోక ఈడ్చిన గీత ఉంటుంది, నక్క గోళ్లు అచ్చు పడతాయి, అడవిపంది డెక్కలు లోతుగా దిగుతాయి. నెలకోసారి అదే దారిన పొద్దున, సాయంత్రం నడిచి చూసింది నోటుబుక్కులో రాసుకో. ఏడాది గడిచేసరికి, నీ పటం మీద వేయాల్సిన రంగులేవో ఆ పుస్తకమే చెబుతుంది.

గుట్టవారకు మేత పూర్తిగా ఆపొద్దు. జీవాలు అసలే రాకపోతే పొదలు కమ్ముకుంటాయి, ఎప్పుడూ అక్కడే ఉంటే గడ్డి గింజ నేల పడదు. మూడెకరాలనూ రెండు చేసి, ఒక సగంలో తొలకరి నుంచి సంక్రాంతి దాకా మేత మాను, మరుసటి ఏడు రెండో సగం మాను. మన జీవాలోళ్లను పిలిచి, కూచోబెట్టి ఈ మాట చెప్పు. కంచె కట్టిన ఖర్చు కన్నా ఆ మాట గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే వేసవిలో ఆ ఎండుగడ్డి దక్కేది వాళ్లకే. అనంతపురం వైపు టింబక్టు కలెక్టివ్ తోడుతో ఊళ్లవాళ్లు 1990ల నుంచి కల్పవల్లి గుట్టలను కాపాడుకుంటున్న పద్ధతీ ఇంచుమించు ఇదే. నిప్పు, గొడ్డలి, అతిమేత రాకుండా చూసుకుంటే ఈతలు, బోదగడ్డి, పొదలు చాలావరకు వాటంతట అవే చిగిర్చాయి. మన గుట్టవార తీసేయాల్సింది కంపచెట్టును ఒక్కదాన్నే. ఆ సర్కారుతుమ్మ నీ వంక పొడుగునా దిగింది, పైన కొడితే పది కొమ్మలు లేస్తుంది, వాన పడ్డాక నేల మెత్తగా ఉన్నప్పుడు వేరు మొదలుతో పెరికించు. అదీ ఒకేసారి అంతా పీకించొద్దు, నీడకు దాన్నే నమ్ముకున్న పిట్టలున్నాయి. వంకలో మొదలుపెట్టి ఏడాదికి కొంత.

మొక్కలు నాటాలనే కోరిక ఉంటే చీనీ తోట గెనాల మీద నాటు. వేప, కానుగ, నేరేడు, సీతాఫలం చాలు. గెనాలకు వేసవిలో నిప్పు పెట్టే అలవాటు మాత్రం మీ నాయన చేత మాన్పించు. పంటకు సాయం చేసే సాలీళ్లు, తొండలు, కౌజులు ఎండల్లో తలదాచుకునేది ఆ గెనాల గడ్డిలోనే.

దుక్కికి ముందు ఒక జాగ్రత్త. ట్రాక్టరుకు ముందు ఒక మనిషిని నడవమను. తీతువు గోలపెడుతూ తలచుట్టూ తిరుగుతోందంటే గుడ్లు అక్కడే ఎక్కడో ఉన్నట్టు. గూడంటూ కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు మొనలు లోపలికి తిరిగి ఉంటాయి, మట్టిరంగు మీద నల్లమచ్చలు, కాలి కింద పడేదాకా కంటికి ఆనవు. నాలుగు కొయ్యలు పాతి, మంచమంత జాగా వదిలి, గుంటక పక్క నుంచి పోనివ్వు. ఇంచుమించు నెలకు పిల్లలవుతాయి, పుట్టిన కాసేపటికే తల్లి వెంట నడిచి వెళ్లిపోతాయి. నీ జాగా నీకు వస్తుంది.

శెనక్కాయలో, అంతరపంట కందిలో పురుగు చూసుకోవడానికి పక్షి స్థావరాలు పెట్టు. ఎకరాకు పదో ఇరవయ్యో కొయ్యలు, పైన అడ్డకర్ర, పైరు కన్నా అడుగున్నర ఎత్తు. పసులపోలిగాడు వాటి మీద కూచుని లద్దెపురుగును, పచ్చపురుగును ఏరుకుంటాడు. జొన్న వేసినచోట, అది పాలుపోసుకునే వేళకు మాత్రం వాటిని పీకేయాలి, లేదంటే గింజ తినే పిట్టలకూ అదే పీట అవుతుంది. గుళికలమందు నేలపైన చల్లి వదిలేయొద్దు, మందు పట్టించిన విత్తనం గట్టున చిందనీయొద్దు, గింజలనుకుని పిట్టలు తిని చస్తాయి. పశువుకు నొప్పి మందు రాయించేటప్పుడు డైక్లోఫెనాక్ వద్దని చెప్పు. రాబందులు తుడిచిపెట్టుకుపోవడానికి కారణమని 2006లోనే పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

ఎలుకల సంగతికొస్తే, జెర్రిపోతును, పైడికంటెను మించిన కూలీలు లేరు. జెర్రిపోతును చూడగానే కర్ర ఎత్తే మనుషులకు అది విషం లేనిదని చూపించి చెప్పు. రక్తపింజరి, కట్లపాము, నాగుపాము మాత్రం నిజంగా ప్రాణం తీసేవే. రాత్రి మోటారు దగ్గరికి టార్చి, కాళ్లకు బూట్లు లేకుండా ఎవరూ పోకూడదు, కాటు పడితే మంత్రాలకు కాక తిన్నగా ఆసుపత్రికే.

పంట కుంటకు ప్లాస్టిక్ షీటు పరచాలనుకుంటున్నావు. నీళ్లు ఇంకకుండా ఉంటాయి, నిజమే. దప్పికకు దిగిన చెవులపిల్లి, జింకపిల్ల, ఉడుము ఆ నున్నటి షీటు మీద పైకెక్కలేక మునిగి చస్తాయి. ఒక మూలన రాళ్లు పేర్చి ఏటవాలు దారి చెయ్యి, మిగతా మూలల్లో కొబ్బరితాళ్ల నిచ్చెనలు వేలాడదియ్యి. పిల్లలు జారిపడినా అవే అక్కరకొస్తాయి.

మీ నాయనకు అసలు భయం అడవిపందిదని నాకు తెలుసు. శెనక్కాయ చుట్టూ నాలుగు వరుసలు కుసుమ వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలే చెప్పారు, ముళ్లకు పంది వెనకాడుతుంది, కుసుమ గింజకు ధర కూడా ఉంది. పూర్తిగా ఆగుతుందని నేను మాటివ్వను. కాయ ఊరే నెలలో పక్క చేలవాళ్లతో కలిసి వంతులవారీగా కాపలా తప్పదు. నష్టం జరిగితే అదే రోజు ఫొటోలు తీసి, అటవీశాఖ రేంజి ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. మోటారు లైను నుంచి తీగ లాగి గట్టున పెట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఆ తీగకు పంది కన్నా ముందు రాత్రి నీళ్లు కట్టే మనిషి దొరుకుతాడు. జింక చిక్కినా ముప్పే: 1972 వన్యప్రాణి చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చేని కుక్కలకు ఇంట్లోనే తిండి పెట్టి రాత్రి కట్టేయండి, ఆకలి కుక్క గుట్టవార తిరిగితే నేల మీద గుడ్డు మిగలదు.

ఇక తమ్ముడూ, ఇది నీకు. పాప అడవి పెంచడం లేదు. గుట్టవారలో నువ్వెప్పుడూ పైరు పెట్టింది లేదు, పెట్టినా విత్తనం వెనక్కి రాలేదు. డోజరు అద్దె, మొక్కలు, కంచె తీసేస్తే నీ చేతి నుంచి పోయేది కుంట మూల రాళ్ల కూలి, నాలుగు సాళ్ల కుసుమ విత్తనం, కంపచెట్లు పెరికిన కూలి. వచ్చేది ఎండుగడ్డి, వంటచెరుకు, సీతాఫలాలు, ఒక మందు పిచికారీ తగ్గితే ఆ డబ్బు. ఈ లెక్క ఏటేటా రాయించు. మూడేళ్లకు నష్టం తేలితే అప్పుడు నాతో పోట్లాడు, ఒప్పుకుంటాను.

పాపా, ఈ ఏడు అన్నీ ఎత్తుకోవద్దు. తొలకరి లోపు మూడు పనులు చాలు: జీవాలోళ్లతో మాట, కుంటకు ఏటవాలు దారి, నోటుబుక్కు. డోజరుకు ఇచ్చిన బయానా తిరిగి అడుగు. పటం సరిదిద్ది మళ్లీ పంపు. ఈసారి గుట్టవారకు ఏ రంగూ వేయకుండా, దాని మీద ఎవరెవరు తిరుగుతున్నారో పేర్లు రాసి పంపు.

మీ పెద్దమ్మ అడిగినట్టు చెప్పమంది.

ఆశీస్సులతో,
పెద్దనాయన