తెర మీది న్యాయస్థానం: కక్షిదారులు తెలుసుకోవలసిన సంగతులు

2020 మార్చిలో దేశమంతటా న్యాయస్థానాల తలుపులు దాదాపుగా మూతపడ్డాయి. కాని చెరసాలలో ఉన్నవాని జామీను దరఖాస్తు, ఇల్లు కూల్చబోతున్నారని మొరపెట్టుకొనే గృహస్థు కోరే నిషేధాజ్ఞ వంటివి వ్యాధి తగ్గేవరకు ఆగజాలవు. ఆ ఏడాది ఏప్రిల్ 6న సుప్రీం కోర్టు, రాజ్యాంగంలోని 142వ అధికరణం క్రింద తనకున్న అధికారంతో, వీడియో ద్వారా విచారణలు జరపడానికి మార్గదర్శకాలు నిర్దేశించింది. ఆ ధర్మాసనంలోని ముగ్గురు న్యాయమూర్తులలో తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఒకరు. ఉత్తర్వు చిన్నదే అయినా అందులోని రెండు అంశాలు నేటికీ గుర్తుంచుకోదగినవి. వీడియో సాధనాలు లేని కక్షిదారులకు వాటిని న్యాయస్థానమే సమకూర్చాలన్నది మొదటిది. ఉభయపక్షాల సమ్మతి లేనిదే సాక్ష్యాన్ని ఆ విధంగా నమోదు చేయరాదన్నది రెండవది. హైకోర్టులు తమ నియమాలను రూపొందించుకొనేవరకు ఈ ఏర్పాటు అమలులో ఉండాలని ఆదేశించింది.

న్యాయస్థానాలకు కంప్యూటర్లు ఆనాడు కొత్తగా వచ్చినవి కావు. ఈ-కోర్టుల పథకం 2007లోనే ఆరంభమైంది. రెండవ దశ 2015లో మొదలైంది. మహమ్మారి చేసినదల్లా, బల్లమీద ఉన్న యంత్రాన్ని తప్పనిసరిగా వాడవలసిన పరిస్థితి తేవడం. దాని ఫలం మనకు దగ్గరలోనే కనిపిస్తుంది. బళ్లారి జిల్లా వ్యాజ్యాలపై హైకోర్టులో విచారణ ధార్వాడ ధర్మాసనంలో జరుగుతుంది. ఒక్క వాయిదాకు సుమారు 200 కిలోమీటర్లు వెళ్లి, పది నిమిషాల వాదన విని, తిరిగి అంతదూరం రావలసిన కక్షిదారుకు, తన వకీలు తెర మీద హాజరయ్యే వీలు కలగడం చిన్న మేలు కాదు.

2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకపు మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కాలపరిమితి నాలుగేళ్లు. అందులో పాత దస్తావేజులను తెర మీదికి ఎక్కించడానికి 2,038 కోట్లకు పైగా కేటాయించారు. న్యాయాధికారులకు, సిబ్బందికి, ఇతరులకు ఇచ్చే శిక్షణకు దక్కినది 208 కోట్ల 52 లక్షలు. అంటే రూపాయిలో మూడు పైసలకు కొంచెం తక్కువ. యంత్రాలు ఖరీదైనవి, శిక్షణ అంత ఖరీదైనది కాదు. కనుక ఈ నిష్పత్తిని చూసి వెంటనే తప్పుపట్టనక్కరలేదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. కొనివుంచిన కెమెరాకు న్యాయం తెలియదు. సాక్షి మాట తెగిపోయినప్పుడు విచారణ ఆపి మళ్లీ అడిగించే గుమస్తా, దాఖలు చేసిన పత్రంలో ఒక పుట తలక్రిందులైతే గమనించే సిబ్బంది, తెర మీద కనబడే మనిషి ప్రక్కన మరెవరైనా కూర్చుని జవాబులు అందిస్తున్నారేమోనని చూడగల న్యాయాధికారి, వీరున్న చోటనే యంత్రం పనికివస్తుంది. సుప్రీం కోర్టు ఈ-కమిటీ శిక్షకులకు శిక్షణ ఇచ్చి, వారి ద్వారా జిల్లాలకు, తాలూకాలకు ఆ విద్యను చేరవేసే పద్ధతి అనుసరిస్తున్నది. న్యాయవాదులకు, వారి గుమస్తాలకు కూడా ఈ తరగతులు జరుగుతున్నాయి. కక్షిదారుకు మాత్రం ఎవరూ తరగతి పెట్టరు. ఈ వ్యాసం ఆ లోటును కొంతైనా పూరించడానికి ఉద్దేశింపబడినది.

మొదట నేర్చుకోవలసినది సి.ఎన్.ఆర్. సంఖ్య. దేశంలో ప్రతి వ్యాజ్యానికీ విడిగా కేటాయించే పదహారు స్థానాల గుర్తు ఇది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, తరువాతి రెండు జిల్లాను, ఆపై రెండంకెలు న్యాయస్థానాన్ని తెలుపుతాయి. పిదప ఆరంకెల క్రమసంఖ్య, చివర నాలుగంకెల సంవత్సరం ఉంటాయి. దీనిని ఈ-కోర్టుల యాప్‌లో నమోదు చేస్తే గత వాయిదాలో ఏమి జరిగింది, వచ్చే వాయిదా ఎప్పుడు, ఉత్తర్వు వెలువడిందా లేదా అన్నవి కనిపిస్తాయి. వకాలతు మీద సంతకం చేసిన రోజుననే ఈ సంఖ్యను అడిగి వ్రాసుకోవాలి. సంఖ్య ఇంకా కేటాయించకపోతే కొద్దిరోజుల తరువాత మళ్లీ అడగాలి. వకీలు మీద నమ్మకం లేక కాదు. వాయిదా తప్పితే నష్టపోయేది కక్షిదారే కనుక. సివిల్ దావాలో ప్రతివాది హాజరు కాకపోతే ఏకపక్ష డిక్రీ రావచ్చు. దానిని రద్దు చేయించుకోవడానికి సామాన్యంగా ముప్పై రోజులే గడువు. సమన్లు సక్రమంగా అందలేదని చూపగలిగితే, డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి ఆ గడువు లెక్కిస్తారు. క్రిమినల్ కేసులో హాజరుకాని ముద్దాయిపై వారెంటు జారీ కావచ్చు.

ఇక భాష సంగతి. జిల్లా, తాలూకా న్యాయస్థానాల వ్యవహారభాష ఇక్కడ కన్నడం, హైకోర్టులో ఆంగ్లం. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువారికి కన్నడ లిపి అపరిచితం కాదు. దావె, జామీను, వకాలత్తు, తీర్పు, ప్రతివాది, విచారణె మొదలైన మాటలు ఇంచుమించు మనవే. చిక్కంతా ఈ చనువులోనే ఉన్నది. సగం మాటలు తెలిసినవైనందున నోటీసు అంతా తెలిసినట్లే అనిపిస్తుంది. మేల్మనవి అంటే అప్పీలు, తడెయాజ్ఞె అంటే స్టే, ముందూడికె అంటే వాయిదా వేయడం. ఈ మూడింటిలో ఒక్కటి పొరబడినా వ్యవహారం మారిపోతుంది. చేతికి వచ్చిన కాగితమైనా, ఫోనుకు వచ్చిన ఉత్తర్వయినా కన్నడం బాగా చదవగల వానిచేత ఒకసారి పూర్తిగా చదివించుకోవడం మంచిది.

యంత్రానువాదం వచ్చింది కదా అని అడిగేవారున్నారు. సుప్రీం కోర్టు 2019 నవంబరులో సువాస్ అనే అనువాద సాధనాన్ని ప్రవేశపెట్టింది. 2023 గణతంత్ర దినోత్సవాన పదమూడు భాషలలో 1,268 తీర్పుల అనువాదాలను ప్రజలకు అందుబాటులోకి తెచ్చినప్పుడు, వాటిలో హిందీవి 1,091, తమిళానివి 52, తెలుగువి 28, కన్నడానివి 17. సంఖ్య అటుతరువాత పెరిగింది. అయితే అనువాదం కక్షిదారుకు బోధపడడం కోసమే. చట్టరీత్యా చెల్లేది మూలపాఠం. తెలుగు అనువాదాన్ని పట్టుకొని అప్పీలుకు పోలేము. దీనికన్న గట్టి రక్షణ పాత చట్టంలోనే ఉన్నది, కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగుతున్నది: ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే, దానిని అతనికి అర్థమయ్యే భాషలో బహిరంగ న్యాయస్థానంలో వివరించాలి. విచారణ తెర మీద జరిగినంత మాత్రాన ఈ హక్కు పోదు. సాక్షి మాట బోధపడకపోతే మౌనంగా తల ఊపక, వెంటనే ఆ మాట చెప్పాలి.

ఫోను లేనివారికి, ఉన్నా వాడడం రానివారికి ఈ-సేవా కేంద్రాలు ఏర్పడినాయి. మూడవ దశలో 4,400 కేంద్రాలను నెలకొల్పడానికి నిధులు కేటాయించారు. ఇవి న్యాయస్థాన ప్రాంగణంలోనే ఉంటాయి. వాయిదా వివరం, నకళ్లకు దరఖాస్తు, పత్రాల దాఖలు, న్యాయస్థాన రుసుము చెల్లింపు, చెరసాలలోని బంధువును చూడడానికి సమయం కోరడం వంటి పనులకు అక్కడ సహాయం దొరుకుతుంది. వీడియో విచారణకు హాజరయ్యే మార్గం కూడా అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. నా అభిప్రాయంలో ఈ పథకమంతటిలోనూ సామాన్యునికి పనికివచ్చే భాగం ఇదే, ఎందుకంటే ఇక్కడ యంత్రానికీ మనిషికీ మధ్య మరొక మనిషి ఉంటాడు.

కొత్త ద్వారం తెరిస్తే దొంగ కూడా అందులోనుండే రావచ్చు. 2023 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు వీడియో విచారణలలోకి గుర్తు తెలియనివారు చొరబడి అశ్లీల దృశ్యాలు ప్రదర్శించగా, కొంతకాలం ఆ సౌకర్యాన్నే నిలిపివేయవలసి వచ్చింది. అంతకన్న ప్రమాదకరమైనది 'డిజిటల్ అరెస్టు' మోసం. 2024లో లూధియానాకు చెందిన ఒక వస్త్రపరిశ్రమాధిపతికి వంచకులు తెర మీద సుప్రీం కోర్టు విచారణనే నటించి చూపి, ఏడు కోట్ల రూపాయలు కాజేశారు. వ్యాపారదక్షుడే నమ్మినప్పుడు సామాన్యుల మాట చెప్పనక్కరలేదు. తేడా కనిపెట్టే ఉపాయం ఒకటున్నది. వీడియో ద్వారా అరెస్టు అనేది మన చట్టంలో లేదు. ఏ న్యాయస్థానమూ విచారణ నడుమ డబ్బును ఫలానా ఖాతాకు పంపమని కోరదు. న్యాయస్థానపు సమన్లు ఎలక్ట్రానిక్ రూపంలో రావచ్చును గాని, పోలీసులు తమ ఎదుట హాజరు కమ్మని ఇచ్చే నోటీసు వాట్సాప్ ద్వారా పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. సందేశంలో సి.ఎన్.ఆర్. సంఖ్య ఉంటే దానిని మీరే యాప్‌లో వెదకండి. లేకుంటే న్యాయస్థానానికి వెళ్లి విచారించండి. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బు ఖాతానుండి ఖాతాకు మారిపోతుంది.

కృత్రిమ మేధ విషయంలో 2025 జూలైలో కేరళ హైకోర్టు తన జిల్లా న్యాయవ్యవస్థకు ఒక విధానం ప్రకటించింది. నిర్ణయాలు తీసుకోవడానికి, తీర్పు చెప్పడానికి ఆ సాధనాలను వాడరాదన్నది అందులోని ముఖ్యనిబంధన.

వకీలును పెట్టుకొనే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఫోను సంఖ్య 15100. ఫోను చేసినప్పుడు మీకు తెలుగు మాత్రమే వచ్చునన్న సంగతి మొదటనే చెప్పి, తెలుగు తెలిసిన న్యాయవాదిని లేదా న్యాయసహాయ స్వచ్ఛంద సేవకుని కోరండి.