హరోసెతు: పస్కా బల్లమీది తియ్యని అడుసు

నిర్గమకాండము చదివిన బాలబాలికలకు పస్కా పండుగను గూర్చి కొంత తెలిసియే యుండును. ఐగుప్తు దేశమున దాసులైయుండిన ఇశ్రాయేలీయులు విడుదల నొందిన రాత్రిని స్మరించుచు యూదులు ఏటేట నీ పండుగను ఆచరింతురు. ఆ రాత్రి భుజింపవలసినవి మూడని ఆ గ్రంథము పండ్రెండవ అధ్యాయము చెప్పుచున్నది. అవి కాల్చిన మాంసము, పొంగని రొట్టె, చేదు కూరలు. అయినను పస్కా రాత్రి యూదుల గృహములలో ఈ మూడింటిలోను చేరని వస్తువొకటి బల్లమీద కనబడును. అది పండ్లును పప్పులును కలిపి నూరిన మట్టివన్నె ముద్ద. దాని పేరు హరోసెతు. ఇది యేమి, ఎందులకు వచ్చెను, మన కంబదూరు వంటి మెట్టసీమ యూరిలో దీనిని ఇంట నెట్లు చేసికొనవచ్చును అను సంగతులను ఈ వ్యాసమున వివరింతుము.

హీబ్రూ భాషలో హెరెసు అనగా మన్ను, కుండపెంకు. హరోసెతు అను పేరు దానినుండియే కలిగినదని పలువురు చెప్పుదురు. సుమారు క్రీ. శ. 200 నాటికి కూర్పబడిన మిష్నా యను యూదుల ధర్మసంగ్రహమున దీని ప్రస్తావము కలదు. ఇది విధింపబడిన యాజ్ఞ కాదని అచ్చట చెప్పబడినది. కాదు, ఆజ్ఞయేయని ఒక పండితుడు వాదించినట్లును అచ్చటనే వ్రాయబడినది. ఆజ్ఞ యైనచో దేనిని జ్ఞప్తికి దెచ్చుటకు? ఈ ప్రశ్నకు తల్మూదు అను గ్రంథమున రెండు ప్రత్యుత్తరములు గలవు. ఒక పండితుడు అది జల్దరు చెట్టును జ్ఞప్తికి దెచ్చుననెను. మన తెలుగు బైబిలులో పరమగీతమున కనబడు జల్దరు వృక్షమే అది. ఫరో మగ శిశువులను చంపింపగోరిన కాలమున ఇశ్రాయేలు స్త్రీలు ఆ చెట్లక్రింద రహస్యముగా ప్రసవించిరని వారి పెద్దలు చెప్పుకొనుచుండిరి. మఱియొక పండితుడు అది దాసులు త్రొక్కిన అడుసును జ్ఞప్తికి దెచ్చుననెను. అబయే అను మూడవ పండితుడు ఈ రెండింటిని కలిపి, చెట్టుకొఱకు పుల్లగాను, అడుసుకొఱకు చిక్కగాను ఉండవలెనని తీర్చెను. ఇటుకలలో కలుపు గడ్డికి గురుతుగా సుగంధ ద్రవ్యములను వేయుటయు ఆచారమయ్యెను.

ఒకే వంటకమైనను అది దేశమునుబట్టి రూపు మార్చుకొన్నది. పండ్రెండవ శతాబ్దమున ఐగుప్తులో నివసించిన మైమోనిదీసు అను మహాపండితుడు ఖర్జూరములు, అంజూరములు, ఎండుద్రాక్షలు మొదలగువానిని నలుగగొట్టి, పులియబెట్టిన ద్రాక్షరసపు పులుసు పోసి, సుగంధ ద్రవ్యములు కలుపవలెనని వ్రాసెను. ఐరోపా ఉత్తర భాగమున ఖర్జూరము దొరకదు గనుక అచ్చటి యూదులు సీమరేగు, అక్రోటు, దాల్చినచెక్క, ద్రాక్షారసము వాడుదురు. సీమరేగు అనగా నేడు మనము ఆపిలు అనునదియే. యెమెను దేశపువారు నువ్వులును మిరియములును చేర్చుదురు. బాగ్దాదు యూదులు ఖర్జూరములను ఉడికించి, వడగట్టి, ఆ రసమును తేనెపాకమగువఱకు కాచి, పైని అక్రోటు పప్పు చల్లుదురు. వారిలో కొందరు కలకత్తా, బొంబాయి పట్టణములకు వలసవచ్చి యీ పాకమును మన దేశమునకు దెచ్చిరి.

ఏమియు దొరకని చోట నేమి చేసిరో తెలుపు సంగతి యొకటి కలదు. 1862వ సంవత్సరమున అమెరికా అంతర్యుద్ధములో ఒహాయో సంస్థానపు 23వ పటాలములోని కొందరు యూదు సైనికులు పాళెములోనే పస్కా ఆచరించిరి. వారికి హరోసెతు చేయుటకు పండ్లుగాని పప్పులుగాని దొరకలేదు. అంతట వారు బల్లమీద నొక ఇటుకను పెట్టి, దానిని చూచి తమ పితరుల వెట్టిని తలచుకొనిరి. పదార్థముకంటె తలంపు ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ఈ పండుగ మన తెలుగునాటికి బొత్తిగా పరాయిది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామము గలదు. అచ్చట బెనె ఎఫ్రాయీము అను చిన్న సమాజమువారు తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయీము గోత్రమువారమని చెప్పుకొనుచు, తమకొక ప్రార్థనా మందిరము కట్టుకొని, విశ్రాంతి దినమును పస్కాను ఆచరించుచున్నారు. వీరిలో అనేకులు మాదిగ కుటుంబములవారు. పొలములలో కూలిచేసి బ్రదుకువారు. వీరిని గూర్చి ఇద్దరు పరిశోధకులు వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. దాస్యవిమోచన కథ వీరి హృదయములకు దగ్గరగుటలో ఆశ్చర్యము లేదు.

ఇక తయారుచేయు విధము. పదిమందికి ఈ క్రింది సంభారములు చాలును. గింజ తీసిన ఖర్జూరము 250 గ్రాములు, ఎండుద్రాక్ష 100 గ్రాములు, ఎండిన అంజూరములు నాలుగు, అక్రోటు లేక బాదము పప్పు 100 గ్రాములు, దాల్చినచెక్క పొడి అరచెంచా, శొంఠిపొడి చిటికెడు, ఒక నిమ్మకాయ, అరగిన్నె ద్రాక్షరసము. ఆపిలు దొరకినచో ఒకటి తురిమి చేర్చవచ్చును. దొరకనిచో విచారింప నక్కఱలేదు. ద్రాక్షరసము దొరకనివారు గుప్పెడు ఎండుద్రాక్షలను రాత్రి నీట నానవేసి, ఉదయమున పిసికి వడగట్టవలెను. మహారాష్ట్రలోని బెనె ఇశ్రాయేలు యూదులు పండుగ పానపాత్రకు ఇట్టి పానకమునే వాడుచుండిరి.

మొదట ఖర్జూరములను చీల్చి, గింజయు పురుగును లేకుండునట్లు చూడవలెను. పిమ్మట ఖర్జూర అంజూరములను మునుగునంత వేడినీళ్లు పోసి ఒక గంట నాననిచ్చి, నీటిని వేఱుగ నుంచుకొనవలెను. పప్పును రోటిలో కచ్చాపచ్చాగా దంచి తీసిపెట్టవలెను. మెత్తని పిండి యగునంత దంచరాదు. నూనె యూరి ముద్ద జిడ్డగును. తరువాత నానిన పండ్లను ఎండుద్రాక్షలతో కూడ రోటిలో వేసి రుబ్బవలెను. గట్టిగా నున్నచో నానిన నీటిని కొంచెము కొంచెముగా చిలుకరింపవలెను. ముద్ద నలిగిన పిదప దాల్చినచెక్క, శొంఠి, నిమ్మరసము, దంచిన పప్పు కలుపవలెను. కొంత దాల్చినచెక్కను పొడి చేయక సన్నని పీచులుగా చీల్చి వేసినచో అవి అడుసులోని గడ్డిపోచలవలె కనబడును. కడపట ద్రాక్షరసము పోసి కలియబెట్టవలెను. గోడ మెత్తుటకు కలిపిన మన్ను ఎంత పదునుగ నుండునో ఇదియు నంతే పదునుగ నుండవలెను. చేటెడు మన్ను త్రొక్కిన మన పిల్లలకు ఆ పదును వేఱుగ చెప్పబని లేదు. పప్పులు పడనివారు కొందరుందురు గనుక వడ్డించుటకు ముందు అడిగి తెలిసికొనవలెను. అట్టివారికి పప్పు లేకయే చేయవచ్చును.

ఇచ్చట మన సీమకు సంబంధించిన ప్రశ్న యొకటి పుట్టుచున్నది. అనంతపురము జిల్లాలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. ఆ కొద్ది వానకు ఎఱ్ఱనేలలో మనము ప్రధానముగ విత్తునది వేరుశనగ, అనగా మన చెనిక్కాయ. అక్రోటు వెల పేదల కందదు; చెనిక్కాయ ప్రతి యింట నుండును. దానిని వేయవచ్చునా? ఐరోపాలోని అష్కెనాజీ యూదులు పదుమూడవ శతాబ్దము నాటినుండి పస్కా దినములలో కాయధాన్యములను తినరు. మన చెనిక్కాయ పేరునకు పప్పైనను, జాతిచేత కందులు, పెసలవలె కాయధాన్యమే. అయితే అది దక్షిణ అమెరికాలో పుట్టి, 1492 తరువాతనే ఇతర ఖండములకు వచ్చినది. ఆ ఆచారమేర్పఱచిన పెద్దలు దానిని ఎఱుగరు. కావున దీనిని గూర్చి వారి పండితులలోనే అభిప్రాయ భేదము గలదు. స్పెయిను నుండి, తూర్పు దేశములనుండి వచ్చిన యూదులలో అనేకులకు కాయధాన్యముల నిషేధమే లేదు. కాబట్టి మా తీర్మానమిది. యూదులైన అతిథులు వచ్చినచో వారి ఆచారమడిగి నడచుకొనవలెను. మన యింట పాఠముకొఱకు చేసికొనునపుడు చెనిక్కాయలను దోరగా వేయించి, పొట్టు చెఱిగి, కచ్చాపచ్చాగా దంచి నిస్సందేహముగ వాడవచ్చును. ఏ దేశపువారు ఆ దేశపు పంటతోనే దీనిని చేసికొనిరి గదా.

మన యుగాది పచ్చడితో దీనిని పోల్చుట సహజము. రెండును ఇంచుమించుగ ఒక్క ఋతువులోనే వచ్చును. అయినను భేదము గమనింపదగినది. యుగాది పచ్చడిలో వేపపూతయు బెల్లమును ఒకే పాత్రలో కలిసియుండును. రానున్న యేటి సుఖదుఃఖములను కలిపి స్వీకరింతుమని దాని భావము. పస్కా బల్లమీద చేదు వేఱు, తీపి వేఱు. గడచిన కాలమును తలచుటకు చేదు కూరను హరోసెతులో ముంచి తిందురు. చేదుకు ఘాటైన దుంపనో ఆకునో వారు వాడుదురు. మన పాఠమునకు లేత మెంతికూర చాలును.

వెట్టిచాకిరికి గురుతైన అడుసు తియ్యగా నుండనేల? ఈ ప్రశ్న ప్రతి బాలుడును అడుగవలసినదే. విడుదల పొందినవారు మాత్రమే తమ పూర్వపు అడుసును తియ్యగా చేసికొనగలరు అనుట ఒక సమాధానము. అయితే వారి ఆచారమునందే మఱియొక సమాధానము కలదు. చేదు కూరను హరోసెతులో ముంచిన పిదప దానిని విదిలించి తినవలెనని నియమము. తీపి యెక్కువ యంటినచో చేదు తెలియకపోవును. చేదు తెలియనిచో కథ మఱవబడును. తీపి చేదును ఓర్చుకొనుటకే గాని కప్పిపుచ్చుటకు గాదు.

ఈ నియమము మనకును చాల అవసరము. వెట్టిచాకిరిని మన దేశమున 1976వ సంవత్సరపు చట్టము రద్దు చేసినది. అయినను ఇటుకలును అడుసును మనకు పాతకథ కాలేదు. వానలు కురియని యేట మన యూళ్లనుండి సుగ్గికి పోవువారు బెంగుళూరులో గోడలు కట్టుచు, సున్నము కలుపుచు, ఇటుకలు మోయుచున్నారు. ముసలివారియొద్ద విడువబడిన పిల్లలు మన తరగతులలోనే కూర్చుండి నిర్గమకాండము చదువుచున్నారు. వారికి ఐగుప్తు ఇటుకల మాట వివరింప నక్కఱలేదు, ఇతరులకే వివరింపవలెను.

కావున విద్యార్థులారా, దీనిని చేయునపుడు ఇతరుల ఆరాధనను అనుకరించు ఆటగా చేయకుడు. అది ఆ జనుల పూజ్యమైన సొత్తు. వారి కథను గౌరవముతో తెలిసికొనుటకే చేయుడు. రోలు త్రిప్పుచుండగా ఇంటిలోని పెద్దలను, వారెక్కడెక్కడ కూలికి పోయిరో, ఎవరి గోడలు కట్టిరో అడుగుడు. పస్కా రాత్రి యూదుల యింట అందరికంటె చిన్నవాడు ప్రశ్న అడుగవలెననియు, పెద్దలు కథ చెప్పవలెననియు ఆచారము. ఆ యొక్క ఆచారమును మాత్రము మనము సంకోచములేక మన యింటికి తెచ్చుకొనవచ్చును.