తోక తెగితే మరో పురుగు

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పూలకుండీ కింద అర్ధచంద్రాకార తల, వీపు మీద నల్లని చారలున్న జిగట పురుగు కనిపిస్తే జలగ అనుకోవద్దు. అది బైపాలియం కెవెన్సి కావచ్చు. ప్లాటీహెల్మింథిస్ వర్గం, వానపాములే ఆహారం. 1878లో జీవశాస్త్రవేత్త మోస్లీ దీన్ని లండన్‌లోని క్యూ తోటలో దొరికిన నమూనాలతో వర్ణించాడు. పేరు అలా వచ్చిందే తప్ప, సొంతూరు ఆసియానే.

ఉభయలైంగిక జీవే అయినా ఎక్కువగా ముక్కలు కావడం ద్వారానే పెరుగుతుంది. తోక కొస నేలకు అతుక్కుంటుంది, ముందు భాగం లాగుతుంది, కొస తెగుతుంది. తెగిన ముక్క వెంటనే కదలగలదు. పది రోజుల్లో తల మొలుస్తుంది. కారణం నియోబ్లాస్టులనే మూలకణాలు. దీని బంధువైన మంచినీటి ప్లనేరియాలో 279వ వంతు ముక్క కూడా పూర్తి జీవి కాగలదని జీవశాస్త్రవేత్త మోర్గాన్ 1898లో చూపాడు.

పరీక్షలో తికమక ఇక్కడే: గాయంతో తెగిన భాగం తిరిగి పెరగడం పునరుత్పత్తి, తనంతట తానే చీలి సంఖ్య పెంచుకోవడం అలైంగిక ప్రత్యుత్పత్తి.