దానియేలు ఉద్యోగం మానలేదు

ఆదివారం ఆరాధనలో పరిపాలకుల కోసం ప్రార్థించడం మన సంఘాల్లో మామూలే. తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రికలోనే ఆ మాట ఉంది కదా. ప్రధానమంత్రి మొదలు సర్పంచి దాకా అందరినీ తలుచుకుని, ఆమేన్ అనేసి ఇంటికొస్తాం. చాప మీద కూర్చున్న పిల్లవాడు ఆ ప్రార్థన వింటాడు. సోమవారం బడిలో ప్రాథమిక హక్కుల పాఠం వింటాడు. ఎక్కడో చర్చి దగ్గర గొడవైందని టీవీలో చూస్తాడు. అన్నీ కలిపి ఓ రాత్రి అడుగుతాడు: ‘నాన్నా, ప్రభుత్వం చెప్పింది చెయ్యాలా, దేవుడు చెప్పింది చెయ్యాలా?’

రోమా పత్రిక 13వ అధ్యాయం ఒక్కటి అప్పజెప్పి వాణ్ణి పడుకోబెట్టకండి. అధికారులకు లోబడమని అక్కడ ఉంది, నిజమే. మనుషుల మాట కన్నా దేవుడి మాటే ముందని పేతురు మహాసభ ఎదుట నిలబడి చెప్పిన సంగతి అపొస్తలుల కార్యములు 5లో ఉంది. రెండూ ఒకే బైబిల్లో ఉన్నాయని పిల్లలకు తెలియనివ్వండి. ఏది ఎప్పుడో వచనాలు బట్టీ పట్టిస్తే తెలిసేది కాదు, మనుషుల్ని చూపించాలి.

దానియేలునే తీసుకోండి. సింహాల గుహ బొమ్మకు రంగులు వెయ్యని సండే స్కూలు పిల్ల ఉండదు. అయితే ఆయన చేసిన ఉద్యోగం గురించి మనం చెప్పనే చెప్పం. దర్యావేషు రాజ్యంలో 120 మంది అధిపతులు, వాళ్ల మీద ముగ్గురు ప్రధానులు, ఆ ముగ్గురిలో ఒకడు దానియేలు. గిట్టనివాళ్లు ఎంత వెతికినా ఆయన పనిలో తప్పు దొరకలేదు. రాజుకు తప్ప మరెవరికీ 30 రోజుల పాటు మొక్కకూడదన్న ఆజ్ఞ దగ్గర మాత్రం ఆయన ఆగిపోయాడు. ఎప్పటిలాగే కిటికీ తెరిచి ప్రార్థించాడు, శిక్ష వేస్తే గుహలోకి వెళ్లాడు. బయటికొచ్చాక కూడా ఆ రాజు కొలువు మానలేదు. సింహాల కన్నా ఈ సంగతే పిల్లలకు ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది.

పదేళ్లు దాటిన పిల్లలకైతే కేరళలో జరిగింది చెప్పండి. ముగ్గురు తోబుట్టువులు, పదో తరగతి, తొమ్మిది, అయిదు. యెహోవాసాక్షుల కుటుంబం. బడిలో జనగణమన పాడుతుంటే అందరితో పాటు మర్యాదగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు. దేవుడికి తప్ప మరి దేనికీ స్తుతిగీతం పాడకూడదని వాళ్ల నమ్మకం. అదే బడిలో చదివిన వాళ్ల అక్కలూ అలాగే చేశారు, ఎవరూ ఏమీ అనలేదు. 1985 జులైలో ఒక ఎమ్మెల్యే గమనించి శాసనసభలో అడిగారు. విచారణ జరిగింది, పిల్లలు బుద్ధిమంతులనే తేలింది. అయినా జులై 26న బడి నుంచి పంపేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. గీతం పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పడం లేదనీ, లేచి నిలబడటంలోనే గౌరవం ఉందనీ, మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగం 19, 25 అధికరణాల్లోనే ఉందనీ ఆయన తేల్చారు.

మనలో చాలామందిమి జనగణమన సంతోషంగా పాడతాం, మన పిల్లలూ పాడాలి. ఆ ముగ్గురి నమ్మకం మనది కాదు. అయినా వాళ్లు కాదన్న తీరు చూడండి. ఎవరినీ అడ్డుకోలేదు, ఎగతాళి చెయ్యలేదు, బడి మీద ద్వేషం పెంచుకోలేదు. కోర్టుకు వెళ్లి అడిగారు. ఇంకో సంగతి. మతస్వేచ్ఛనిచ్చే ఆ 25వ అధికరణం క్రైస్తవుల కోసం విడిగా రాసింది కాదు, మనుషులందరికీ రాసింది. క్రిస్మస్ కేకు పెడితే వద్దన్న పక్క బెంచీ పిల్లకూ అది వర్తిస్తుంది. ఇప్పుడే బాప్తిస్మం వద్దంటున్న మీ పెద్దమ్మాయిని కూడా, పాస్టరు గారు అడుగుతున్నారని తొందరపెట్టకండి.

ఇక మన ఇళ్లలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న కులధ్రువీకరణ పత్రం దగ్గర వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. దళిత కుటుంబం బాప్తిస్మం తీసుకుంటే మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి వస్తుంది. ఊళ్లో అవమానం మాత్రం మతం మారినంత మాత్రాన మారదు. అందుకే చాలా ఇళ్లలో కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. ఆ ఇళ్ల గురించి తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు, మీరూ పిల్లల ముందు చెప్పకండి. కానీ మీ పిల్ల తన కాగితం చూసి అడిగిన రోజు ‘ఊరుకో’ అనకండి. చట్టం ఇలా ఉందనీ, దాన్ని మార్చమని కొందరు ఏళ్ల తరబడి సుప్రీంకోర్టులో వాదిస్తున్నారనీ, మీ ఇంట్లో ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నారో కూడా దాచకుండా చెప్పండి. పిల్లలు కాగితాన్ని తట్టుకుంటారు. అమ్మానాన్నల గుసగుసలే వాళ్లను నలిపేస్తాయి.

పద్దెనిమిది నిండాక ఓటు. మతం పేరు చెప్పి ఓటడగడం ఎన్నికల చట్టం కింద అక్రమమని 2017లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరోసారి గట్టిగా చెప్పింది. ఎవరి మతమైనా, ఎవరి పాస్టరైనా అంతే. కాబట్టి ఎన్నికల ముందు ఆదివారం వేదిక మీద నుంచి ఏ పేరు వినిపించినా, ఇంటికొచ్చాక ఆ అభ్యర్థి అఫిడవిట్ పిల్లవాడితో కలిసి చదవండి. ఆస్తులెన్ని, కేసులెన్ని, అన్నీ అందులో ఉంటాయి. ఎవరికి వెయ్యాలో వాణ్ణే తేల్చుకోనివ్వండి.